టెండర్లలో డీపీఐ అంకె ఒక్కటే చాలదు

సంపాదకులకు,

పాత పత్రికలు, తాళపత్రాల స్కానింగ్ టెండర్లలో ‘600 డీపీఐ’ అని రాసి ఊరుకోవడం సరికాదు. అది అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చెబుతుంది గానీ అక్షరం అంచు ఎంత పదునుగా వచ్చిందో చెప్పదు. 600 డీపీఐ అంటే మిల్లీమీటరుకు 23.6 పిక్సెళ్లు, ఒక నల్ల గీత, ఒక తెల్ల గీత కలిసిన జతకు కనీసం రెండు పిక్సెళ్లు కావాలి కాబట్టి, ఎంత మంచి లెన్సున్నా స్కానర్ మిల్లీమీటరుకు 11.8 జతల గీతలకు మించి నమ్మకంగా విడదీయలేదు. లెన్సు నాసిరకమైతే అదీ రాదు.

పదునును కొలిచే పద్ధతి ఐఎస్‌ఓ 12233 అనే అంతర్జాతీయ ప్రమాణంలోనే ఉంది. నలుపు తెలుపుల మధ్య నిటారు అంచును సుమారు 5 డిగ్రీలు వాల్చి స్కాన్ చేయాలి. వాలు వల్ల ఒక్కో వరుసలో అంచు పిక్సెల్‌లో ఒక్కో చోట పడుతుంది. వాటన్నిటినీ కలిపి సాఫ్ట్‌వేర్ ఎంటీఎఫ్ గీస్తుంది, అంటే గీతలు సన్నబడేకొద్దీ నలుపు తెలుపుల తేడా (కాంట్రాస్టు) ఎంత మిగులుతుందో చూపే వక్రరేఖ. కాంట్రాస్టు 50 శాతానికి పడే చోటు కంటికి తోచే పదును, 10 శాతం చోటు దాదాపు ఆఖరి హద్దు.

ఎక్కువగా తప్పేది షార్పెనింగ్ దగ్గర, అంటే సాఫ్ట్‌వేర్ అంచులకు కృత్రిమంగా పదును పెట్టే చోట. దాన్ని ఆపకపోతే వక్రరేఖ 100 శాతం దాటి ఉబ్బుతుంది, లేని పదును కనిపిస్తుంది. ఫైలు టిఫ్‌లోనే ఉండాలి. ఇంక్‌జెట్‌లో ముద్రించిన అంచు పనికిరాదు, సిరా పాకుతుంది. నిలువునా అడ్డంగా, మధ్యలో మూలల్లో విడివిడిగా కొలవాలి. మోటారు అదిరితే ఒక దిశలోనే మసక వస్తుంది. సెన్సారు అద్దానికి ఆనుకుని ఉండే సీఐఎస్ రకం స్కానర్లలో కాగితం అద్దం నుంచి కాస్త లేచినా ఫోకస్ పోతుంది, కుట్టిన పుస్తకాలకు అవి వద్దు.

10 శాతం ఎంటీఎఫ్ మిల్లీమీటరుకు ఎన్ని గీతల జతల దగ్గర రావాలో టెండరులోనే రాయించాలని అధికారులను కోరుతున్నాం.

– డిజిటైజేషన్ పనివారు, హైదరాబాద్