మా అమ్మాయి కోసం వంట మార్చుకున్న వారందరికీ కృతజ్ఞతలు

గత ఏడాది ఆషాఢంలో మా అమ్మాయికి గోధుమలు పడని సీలియాక్ జబ్బు ఉందని తేలింది. ఆనాటి నుంచి ఆమె తినే ప్రతి ముద్ద విషయంలోనూ మాకు తోడుగా నిలిచిన కాకినాడలోని మా వీధివారికి, బంధువులకు, పాఠశాల ఉపాధ్యాయినులకు నమస్కరించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పేర్లు రాయవద్దని కొందరు గట్టిగా చెప్పారు కనుక ఎవరి పేరూ రాయడం లేదు. చదువుతుంటే ఎవరి సంగతి వారికి తెలుస్తుంది.

అప్పటికి పాపకు ఎనిమిదేళ్లు. రెండేళ్లుగా ఎత్తు పెరగలేదు, పొట్ట ఉబ్బి కాళ్లూ చేతులూ సన్నబడ్డాయి, ఐరన్ మందు ఎంత తాగించినా హిమోగ్లోబిన్ 8 దాటలేదు. బియ్యం తినే మన ప్రాంతంలో ఉత్తరాదితో పోలిస్తే ఈ జబ్బు తక్కువగా కనిపిస్తుంది కాబట్టి దీన్ని అనుమానించేవారూ తక్కువే. మేము మొదట చూపించిన చోట్ల నులిపురుగుల మందుతోనే సరిపెట్టారు. విశాఖపట్నంలో చూసిన డాక్టరుగారు మాత్రం మొదటి రోజే, ఈ జబ్బు ఉన్నవారి రక్తంలో పెరిగే యాంటీబాడీలను కొలిచే టీటీజీ పరీక్ష రాశారు. ఫలితం రాగానే ఒక బంధువు గోధుమలు ఆ పూటే మానిపించమన్నారు. కానీ డాక్టరుగారు, ఎండోస్కోపీ చేసి చిన్న పేగు నుంచి ముక్క తీసి పరీక్షించే వరకు మానవద్దని, ముందే మానేస్తే పేగు కోలుకోవడం మొదలై జబ్బు పరీక్షకు దొరక్కుండా పోవచ్చని ఓపికగా వివరించారు. ఆ ఒక్క హెచ్చరిక వల్ల మాకు అనుమానం మిగలకుండా నిర్ధారణ జరిగింది. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తి తగిలినప్పుడల్లా శరీరం తన పేగు లోపలి పొరను తానే దెబ్బతీసుకుంటుందని, దీనికి మందు లేదని, జీవితాంతం మానడమే మార్గమని ఆమె చెప్పిన తీరుకు పాప కూడా భయపడలేదు.

మనది అన్నం తినే ఇల్లే కదా, చపాతీ, పూరీ మానితే సరిపోతుందని నేను అనుకున్నాను. ఉప్మా, సేమియా పాయసం, మైసూరు బజ్జీ, పాప ప్రాణం పెట్టే కాజా, అన్నీ మానిపించాను. అయినా మూడు నెలల తరువాత చేయించిన పరీక్షలో టీటీజీ అనుకున్నంతగా తగ్గలేదు. ఆ సాయంత్రం నేను ఏడుస్తుంటే పక్కింటి పిన్నిగారు కళ్లజోడు తెచ్చుకుని, మా వంటింటి నేల మీద కూర్చుని, అలమరలోని డబ్బాలూ పొట్లాలూ ఒక్కొక్కటే దింపించి వెనుక ఉన్న సన్నని అక్షరాలు చదవడం మొదలుపెట్టారు. గంటన్నర తరువాత ఆమె చేతిలో మిగిలినది ఇంగువ డబ్బా. బజారులో దొరికే కూటు ఇంగువలో చాలావరకు మైదా గానీ గోధుమ పిండి గానీ కలుపుతారని నాకు అప్పటిదాకా తెలియదు. పులిహోర, పప్పు తాలింపు, మజ్జిగ పులుసు, మాగాయ, బియ్యంతో తినేవే కనుక నిర్భయంగా పెట్టినవన్నీ ఇంగువ పడినవే! తరువాత వచ్చిన వేసవిలో పిన్నిగారు తమ ఇంటి జాడీల కంటే ముందుగా పాప కోసం ఇంగువ లేకుండా వెల్లుల్లి తాలింపుతో మాగాయ పెట్టి, మూత మీద పాప పేరు రాసి పంపారు.

మా వీధి చివర పిండి మర నడిపే పెద్దాయనకు నేను ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను. బియ్యం, జొన్నలు ఆడించడానికి వెళ్లి పాప సంగతి చెప్పినప్పుడు ఆయన సంచీ నా చేతికే తిరిగి ఇచ్చి, "అమ్మా, ఇందులో పొద్దుటి నుంచి గోధుమలే ఆడుతున్నాయి, ఎంత దులిపినా రాళ్లలో పిండి మిగులుతుంది, పాపకు ఇక్కడ ఆడించకండి" అన్నారు. తనకు రావలసిన డబ్బు వదులుకుని ఆ మాట చెప్పడమే గొప్ప. మరునాడు ఆయన తమ తల్లిగారి తిరగలిని, పెసలూ మినుములూ తప్ప మరేదీ విసరనిదని చెప్పి, రిక్షాలో మా ఇంటికి చేర్పించారు. శుభ్రంగా కడిగి ఎండబెట్టిన ఆ తిరగలిలో విసిరిన బియ్యపు రవ్వతోనే మా ఇంట్లో ఇప్పుడు ఉప్పుడు పిండి అవుతోంది.

ఇంటివారికి కృతజ్ఞతలు చెప్పడం మన అలవాటు కాదు, అయినా మా అత్తయ్యగారి విషయం చెప్పకుండా ఉండలేను. ఆమెకు మధుమేహం, ఏళ్లుగా రాత్రిపూట రెండు చపాతీలే భోజనం. చపాతీల పీట, పెనం విడిగా పెట్టి ఆమెకు మామూలుగానే చేస్తానని నేను అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "పక్కన కూర్చుని నేను తింటుంటే పిల్ల నోరు కట్టుకుని చూడాలా?" అని డెబ్బై రెండేళ్ల వయసులో జొన్నరొట్టె నేర్చుకున్నారు. పిండిలో మరుగుతున్న నీళ్లు పోసి కలపకపోతే రొట్టె విరిగిపోతుందని, చేత్తో తడుతూ అంచుల పగుళ్లు ఎప్పటికప్పుడు సర్దాలని తెలంగాణ నుంచి వచ్చి మా పై వాటాలో ఉంటున్న కోడలిపిల్ల వారం రోజులు వచ్చి చూపించింది. ఇప్పుడు మా ఇంట్లో గోధుమ గింజ లేదు.

నిరుడు కార్తికంలో మా వదినగారు సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. అన్నవరం ప్రసాదం రుచి తెలిసినవారికి గోధుమ రవ్వ లేని వ్రత ప్రసాదం ఊహించడం కష్టం. పాప ప్రసాదానికి చేయి చాపితే ఏం చెప్పాలన్నది నా దిగులు. నేను అడగకముందే వదినగారు పురోహితులను సంప్రదించారు. వ్రతకథ మొదటి అధ్యాయంలోనే గోధుమ పిండి లేనప్పుడు బియ్యపు పిండి వాడవచ్చని "అభావే శాలిచూర్ణం వా" అన్న మాట ఉందని ఆయన చెప్పారట. ఆ రోజు వచ్చినవారందరికీ బియ్యపు రవ్వ ప్రసాదమే పంచారు. పాపకు వేరుగా చిన్న గిన్నెలో పెట్టి ఇవ్వలేదు; అందరి ఆకులోనిదే ఆమె ఆకులోనూ ఉంది. ఆ దృశ్యం నేను మరచిపోలేను.

పాఠశాలలో తరగతి ఉపాధ్యాయినిగారు పుట్టినరోజు మిఠాయిల సంగతి తల్లిదండ్రులందరికీ ముందుగా తెలియజేశారు. అప్పటి నుంచి చాలామంది పిల్లలు కాజాలకు బదులు ఆత్రేయపురం పూతరేకులు తెస్తున్నారు.

ఇలాంటి పిల్లలున్న తల్లులు ఎవరైనా చదువుతుంటే ఒక్క మాట. మన దేశపు నిబంధన ప్రకారం గ్లూటెన్ లేనిదని రాసి అమ్మే పదార్థంలో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. కొర్రలూ రాగులూ సహజంగా గ్లూటెన్ లేనివే అయినా, వాటి పిండి ఎక్కడ ఆడించారన్నది తప్పక అడగండి. తోబుట్టువులకూ పరీక్ష చేయించండి. మా బాబుకు చేయిస్తే లేదని వచ్చింది.

మొన్నటి పరీక్షలో పాప హిమోగ్లోబిన్ 11.9కి వచ్చింది, ఏడాదిలో నాలుగు కిలోల బరువు పెరిగింది, టీటీజీ మామూలు స్థాయికి దిగింది. ఈ కార్తిక పౌర్ణమి నాడు మా ఇంట్లో వ్రతం పెట్టుకున్నాము. మీరందరూ కుటుంబ సమేతంగా రావాలని, ఆ తిరగలిలోనే విసిరిన రవ్వతో చేసే ప్రసాదం స్వీకరించాలని ప్రార్థిస్తున్నాను. పంచిపెట్టే పని తనదేనని పాప ఇప్పుడే చెప్పి ఉంచింది.