లేబర్ రూమ్ నుంచి నీకు

ప్రియమైన సరళకు,

నీ ఉత్తరం చేరి పది రోజులైంది. వరుసగా నైట్ డ్యూటీలు పడడంతో ఇప్పటికి గాని కలం పట్టలేకపోయాను. స్టాఫ్ నర్సుగా కుదురుకున్న తరువాత మళ్లీ 18 నెలలు మిడ్‌వైఫరీ శిక్షణకు వెళ్లి ఏం బావుకున్నావని, అసలు ఈ పనిలో తృప్తి ఉందా అని అడిగావు. 2017లో కరీంనగర్‌లో 30 మంది నర్సులతో ఆ శిక్షణ మొదలైనప్పుడు, మంత్రసానితనానికి మళ్లీ చదువేమిటని మనమిద్దరమూ నవ్వుకున్నాం కదా!

మొన్న తొలిచూలు అమ్మాయి ఒకతె రాత్రి తొమ్మిదికి నొప్పులతో వచ్చింది. తెల్లవారుజామున ముహూర్తం బాగుందట, ఆ వేళకు ఆపరేషన్ చేసి బిడ్డను తీయమని అత్తగారు పట్టుబట్టింది. ఆ అమ్మాయిని నడిపించి, నడుము నిమిరి, బిడ్డ గుండె చప్పుడు వింటూ రాత్రంతా పక్కనే ఉన్నాను. మధ్యలో డాక్టరమ్మ వచ్చి, "నీకేమనిపిస్తోంది?" అని అడిగి, "ఆగవచ్చు మేడమ్" అన్న నా మాట మీద వెళ్లిపోయింది. ఏడు గంటలకు కోత లేకుండా కాన్పయింది. బిడ్డ ఏడుపు కంటే ఆ ప్రశ్నే నాకు ఎక్కువ సంతోషమిచ్చిందంటే నవ్వకు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే; ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే ఆ లెక్క 80 దాటింది. అలాంటి చోట నొప్పులు పడుతున్న మనిషి పక్కన ఓపికగా కూర్చోవడం చూసేవారికి ఊరకే కూర్చున్నట్టు కనిపిస్తుంది. మునుపు నేను పనిచేసిన ఆసుపత్రిలో అంతే జరిగింది. శిక్షణ ముగించుకుని వెళ్లిన నన్ను నెల తిరగకుండానే సర్జికల్ వార్డుకు మార్చారు. లేబర్ రూమ్‌కు పంపిన రోజుల్లోనూ ఒకేసారి నలుగురిని అప్పగించి, రిజిస్టర్లు కూడా నన్నే నింపమనేవారు. ఎవరి చేయీ పట్టుకునే తీరిక ఉండేది కాదు. అంతా సవ్యంగా జరిగితే పేరు డాక్టరుది, ఏదైనా తేడా వస్తే తప్పు సిస్టర్‌ది. ఒకసారి కడుపులోనే బిడ్డ పోయిన తల్లిని చూసుకుని, కన్నీళ్లు తుడుచుకునే వ్యవధి కూడా లేకుండా పక్క మంచానికి వెళ్లాను. ఉద్యోగం మానేద్దామనుకున్నది అప్పుడే.

జీతం లెక్కలోకి రాదని నేననను. పిల్లల ఫీజులు కట్టే నెలలో బాగానే లెక్కలోకి వస్తుంది. అయితే అక్కడా ఇక్కడా జీతం ఒక్కటే, మనసు మాత్రం ఒక్కటి కాదు. ఇక్కడ నలుగురం మిడ్‌వైఫులం ఉన్నాం. కష్టమైన కాన్పు తరువాత టీ తాగుతూ చెప్పుకోవడానికి మనుషులున్నారు.

నువ్వూ శిక్షణకు దరఖాస్తు పెట్టాలా అని అడిగావు. పెట్టు. కానీ పూర్తయ్యాక లేబర్ రూమ్‌లోనే ఉంచుతారా, వార్డులు తిప్పుతారా అన్నది మీ సూపరింటెండెంటును ముందే అడిగి, ఆయన ఏమన్నదీ నాకు రాయి.

నీ
పద్మ