గుండె మాత్రల పరీక్షలో అసిటోనైట్రైల్‌కు మరో దారి చూపండి: కేంద్ర ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

హైదరాబాద్‌లో మందుల నాణ్యత పరీక్షించే అనలిస్టుని. అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి బీపీ, గుండె మాత్రలను హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను ద్రవంతో పాటు గొట్టం గుండా నడిపి, విడదీసి కొలిచే యంత్రం) మీద పరీక్షించే తీరు గురించి మీకు ఒక విన్నపం.

ఈ పరీక్షల్లో బఫర్‌తో (ఆమ్లత్వాన్ని నిలకడగా ఉంచే ద్రావణం) పాటు అసిటోనైట్రైల్ గానీ మెథనాల్ గానీ ద్రావకంగా విరివిగా వాడతాం. నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున యంత్రం ఎనిమిది గంటలు నడిచిందనుకోండి. మొబైల్ ఫేజ్‌లో, అంటే యంత్రంలో పారే ద్రవంలో, సగం అసిటోనైట్రైల్ అయితే 240 మిల్లీలీటర్లు వ్యర్థాల సీసాలోకి పోతుంది. ఇది ఒక్క యంత్రం లెక్క. జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడల్లో ఇలాంటి యంత్రాలు రాత్రీపగలూ నడుస్తున్నాయి. ఒంట్లోకి వెళ్తే సయనైడ్ పుట్టించే ద్రావకం అది. పైగా అక్రిలోనైట్రైల్ తయారీలో పక్కన వచ్చే సరుకు. 2008-09లో ఆ తయారీ తగ్గేసరికి ప్రపంచమంతటా ల్యాబులకు కటకట వచ్చింది.

షాంపూల్లో నురగ కోసం వాడే సోడియం డోడెసిల్ సల్ఫేట్, అంటే ఎస్‌డీఎస్, ఇక్కడ చాలావరకు పనికొస్తుంది. ఇలాంటి సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) కలిపిన నీటినే మొబైల్ ఫేజ్‌గా వాడవచ్చని శాస్త్రవేత్తలు ఆర్మ్‌స్ట్రాంగ్, హెన్రీ 1980లోనే చూపించారు. నీటిలో ఎస్‌డీఎస్ లీటరుకు సుమారు 8 మిల్లీమోల్స్ దాటితే అణువులు గుంపులుగా చేరి మైసెల్స్ అవుతాయి. బీటా బ్లాకర్లతో (పై మూడు మందులూ ఈ రకమే) మాకు పాత తలనొప్పి ఒకటుంది. వాటిలోని అమైన్ భాగం కాలమ్‌లో (మందులను విడదీసే గొట్టం) నింపిన సిలికా మీది సిలనాల్స్ అనే భాగాలను పట్టుకోవడంతో పీక్, అంటే గ్రాఫ్‌లో మందును చూపే శిఖరం, సాగిపోతుంది. ఎస్‌డీఎస్ కాలమ్ మీద పొరలా పరచుకుని ఆ సిలనాల్స్‌ను కప్పేస్తుంది. ఇక ఏ మందు కాలమ్‌ను ఎంత అంటిపెట్టుకుంటుంది, మైసెల్స్‌తో ఎంత కలిసిపోతుంది అన్నదాన్ని బట్టి అవి విడివడతాయి. అటెనొలాల్ ముందు వస్తుంది, ప్రొప్రనొలాల్ చాలా వెనక. అందుకే దాన్ని త్వరగా రప్పించడానికి కొంత ప్రొపనాల్ (ఒక ఆల్కహాల్) కలపాలి. సీరంలో మందు ఎంతుందో చూడాలన్నా ప్రొటీన్లను విడిగా తీసేయనక్కర్లేదు, ఎస్‌డీఎస్ వాటిని కరిగించే ఉంచుతుంది. స్పెయిన్‌లో వాలెన్సియా, కాస్టెల్లోన్ విశ్వవిద్యాలయాల వాళ్లు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు.

ఇబ్బందులు లేవనను. పీకులు కాస్త వెడల్పుగా వస్తాయి. పొటాషియం బఫర్ కలిపితే ఎస్‌డీఎస్ అవక్షేపంగా దిగిపోతుంది, సోడియం బఫరే వాడాలి. ఏసీ గది మరీ చల్లబడినా గడ్డకడుతుంది. పని అయ్యాక కాలమ్‌ను ముందు నీళ్లతో, తర్వాతే మెథనాల్‌తో కడగాలి. మాస్ స్పెక్ట్రోమీటర్‌కు (అణువుల బరువును బట్టి మందును గుర్తించే యంత్రం) ఇది పొసగదు. ఇవన్నీ శిక్షణతో దాటగలిగేవే, ఆ చివరిది తప్ప. మాత్రల రోజువారీ పరీక్షకు అది అడ్డు కాదు.

అసలు అడ్డు వేరే ఉంది. వివాదం వస్తే చెల్లేది ఫార్మకోపియాలోని (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) పద్ధతే కాబట్టి, కంపెనీలు సొంతంగా మారే సాహసం చేయవు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ మీ శాఖ కిందిదే. ముందు ఈ మూడు మందులకు మైసెల్ పద్ధతిని హైదరాబాద్ నైపర్‌తోనూ (జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ), రాష్ట్రాల డ్రగ్స్ కంట్రోల్ ల్యాబులతోనూ కలిసి వాలిడేట్ చేయించండి, అంటే నమ్మదగినదో కాదో పరీక్షించి తేల్పించండి. ఫలితాలు పాత పద్ధతితో సరిపోలితే మోనోగ్రాఫ్‌లో (ఫార్మకోపియాలో ఒక్కో మందుకు ఉండే ప్రమాణాల భాగం) ప్రత్యామ్నాయంగా చేర్చండి. సరిపోలకపోతే ఎక్కడ తేడా వచ్చిందో బయటపెట్టండి, మిగతా పని మేం చేసుకుంటాం.

ఇట్లు,
ఒక క్వాలిటీ కంట్రోల్ అనలిస్టు, హైదరాబాద్