చెవిలో కండ, మెడ మీద బిళ్ల: తొందర ఎక్కడ, నిదానం ఎక్కడ

సంపాదకులకు,

పిల్లల మెడ మీద బిళ్ల కట్టడం మామూలే. గొంతు నొప్పో, తలలో పుండో మానాక 4 నుంచి 6 వారాల్లో అదీ తగ్గుముఖం పడుతుంది. తగ్గకుండా 2 సెంటీమీటర్లు దాటి పెరుగుతున్నా, వేలికి గట్టిగా కదలకుండా తగిలినా యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి చూడటం ఆపి, క్యాన్సర్ ఏమోనని చూడాలి. కాలర్‌బోన్ పైన లేచిన బిళ్లకైతే ఆ గడువు కూడా ఇవ్వకూడదు. జబ్బు మూలం ఛాతీలోనో పొట్టలోనో ఉండొచ్చు.

బిళ్ల అయినా కంటికి కనబడుతుంది, అసలు మోసం చేసేది చెవి. చిన్నబిడ్డకు ఒక్క చెవి నుంచే చీము, నెత్తురు కలిసి కారుతూ, లోపల ఎర్రటి కండ కనిపిస్తే చుక్కల మందుతో సరిపెట్టుకోవద్దు. మధ్యచెవిలో పుట్టే రాబ్డోమయోసార్కోమా (పిల్లల్లో వచ్చే కండర కణాల తరహా క్యాన్సర్) చాలాసార్లు అచ్చం పాత చెవి చీములాగే ఉంటుంది. అదే వైపు కంటిరెప్ప పూర్తిగా మూతపడకపోయినా, ఏడ్చినప్పుడు మూతి పక్కకు లాగినా ముఖనరం దెబ్బతిన్నట్టే. ఎమ్మారై వాయిదా వేయదగ్గ పని కాదు. తీసిన కండను 'మామూలు పాలిప్' (హానిలేని కండ) అని పారేయడమూ తప్పే, ప్రతి ముక్కా మైక్రోస్కోపులో చూసే పాథాలజీ ల్యాబుకు వెళ్లాలి.

ముక్కులో గడ్డకు మాత్రం స్కాన్ ముందు, పరీక్షకు ముక్క తీయడం (బయాప్సీ) తర్వాత. పుర్రె అడుగున రంధ్రంలోంచి మెదడు పొర జారి ఉంటే, కోసిన చోట మెదడు నీరు కారి మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) రావచ్చు.

అన్నిటికన్నా చేటు చేసేది, నిర్ధారణ కాకముందే వాపు తగ్గడానికని రాసే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్), లుకేమియా (రక్త క్యాన్సర్) కణాలు దానికి కరుగుతాయి. బిళ్ల తగ్గిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత ముక్క తీస్తే చచ్చిన కణాలే కనబడి జబ్బు పేరు తేలకపోవచ్చు. ఊపిరి ఆడని అత్యవసరం వేరే సంగతి.

సన్నని సూదితో కొన్ని కణాలు లాగి చూసే పరీక్షతోనే ఆగిపోవడం ఇంకో చిక్కు. రాబ్డోమయోసార్కోమా, న్యూరోబ్లాస్టోమా (నరాల కణాల క్యాన్సర్), లింఫోమా, యూయింగ్ సార్కోమా (ఎముకలో, మెత్తని కణజాలంలో వచ్చే క్యాన్సర్) మైక్రోస్కోపులో నీలిరంగు చిన్న గుండ్రటి కణాలుగా ఒకే తీరున కనిపిస్తాయి. వీటిని విడదీసి చెప్పే మయోజెనిన్, డెస్మిన్ వంటి మార్కర్ల (కణంలోని గుర్తు ప్రొటీన్ల) పరీక్షకు, జన్యు పరీక్షకు సరిపడా కణజాలం కావాలి. ముక్కంతా ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రవం) వేస్తే, బతికున్న కణాలను ఒక్కొక్కటిగా లెక్కించి గుర్తించే ఫ్లో సైటోమెట్రీకి దారి మూసుకుపోతుంది. కొంత సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డలో వెంటనే ల్యాబుకు చేర్చి, మిగతాది దానికి 10 రెట్ల 10 శాతం ఫార్మలిన్‌లో ఉంచాలి. మెడ గడ్డతోపాటు అదే వైపు రెప్ప వాలి, కనుపాప చిన్నదైతే న్యూరోబ్లాస్టోమాను అనుమానించి మూత్రంలో వీఎంఏ, హెచ్‌వీఏ (ఆ కణితి విడుదల చేసే రసాయనాల అవశేషాలు) చూడాలి. ల్యాబు కాగితం మీద బిడ్డ వయసు, గడ్డ ఉన్న చోటు, స్టెరాయిడ్ వాడి ఉంటే ఆ తేదీ తప్పక రాయాలి.

ఇట్లు,
పిల్లల కణితుల నిర్ధారణలో పనిచేసే వైద్యులం