స్లిమ్ డస్టీ గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

విదేశీ సంగీతం అనగానే మన పత్రికలు పాప్ స్టార్ల దగ్గరే ఆగిపోతున్నాయి. ఆస్ట్రేలియా పల్లెల పాటగాడు స్లిమ్ డస్టీ మీద ఓ ఆదివారం వ్యాసం వేయండి. 1927లో కెంప్సీలో పుట్టి, పాడి పశువుల మధ్య పెరిగి, పదేళ్లకే పాట కట్టిన మనిషి. 1954 నుంచి భార్య జాయ్ మెకీన్‌తో కలిసి ఊరూరా తిరిగి పాడాడు. మారుమూల ఆదివాసీ పల్లెలనూ వదల్లేదు. పశువులు తోలేవాళ్లు, లారీ డ్రైవర్లు, కరువులో ఎండిన పొలాలు, ఇవే ఆయన పాటలు. భార్య కూడా మంచి పాటలు రాసింది, ఆమెను మర్చిపోకూడదు.

సిడ్నీలో నాతో పనిచేసిన ఓ పెద్దాయన లారీ నడిపేవాడు. బీరు దొరకని పబ్ గురించి డస్టీ 1957లో పాడిన పాట రేడియోలో వస్తే చాలు, స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేసేవాడు. నాకు మా ఊరి బుర్రకథ దళం గుర్తొచ్చేది.

2000లో సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు రోజున స్టేడియమంతా గొంతు కలుపుతుంటే పాడింది ఈయనే. 2003లో కన్నుమూసే నాటికి కూడా కొత్త ఆల్బమ్ పనిలోనే ఉన్నాడు. వందకు పైగా ఆల్బమ్‌లు చేశాక కూడా!

– ఒక పాఠకుడు