మంత్రి గారూ, ఆ ఊగుడు మా భ్రమ కాదు

విపత్తు నిర్వహణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మొన్న మధ్యాహ్నం మా పదకొండో అంతస్తు ఇంట్లో అమ్మ మంచం అంచు పట్టుకుని, "కళ్ళు తిరుగుతున్నాయే" అంది. బీపీ అనుకుని మాత్ర కోసం లేచాను. నాకూ కాలు నిలవలేదు. పైన వేలాడే లైటు మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది. శబ్దం లేదు, కుదుపు లేదు. ఒక నిమిషం పైనే అలా సాగింది. కింది అంతస్తు వాళ్ళకు ఫోన్ చేస్తే తమకేమీ తెలియలేదన్నారు.

సహాయ నంబరుకు చేస్తే, "ఇక్కడ భూకంపం రాలేదు, వదంతులు నమ్మకండి" అని పెట్టేశారు. ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల పెద్ద భూకంపం వచ్చిందని గంట తర్వాత టీవీలో చూశాం. ఆ గంటసేపూ అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళాలో, మెట్లు దిగించాలో తేలక మేం పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ఆ ఉద్యోగి అబద్ధం చెప్పలేదు. కానీ ఆ జవాబు సరిపోదు. భూకంపం పుట్టిన చోట గబగబా కుదిపే ప్రకంపనలు దూరం వెళ్ళే కొద్దీ నేలలోనే చల్లబడిపోతాయి. నిదానంగా ఊగే పొడవాటి తరంగాలు మాత్రం చాలా దూరం ప్రయాణిస్తాయి. ఎత్తయిన భవనాలు సహజంగా ఊగే వేగం కూడా దాదాపు అదే. రెండూ కలిస్తే పై అంతస్తులు ఊగుతాయి, నేల మీద ఉన్నవారికి తెలియనే తెలియదు. అడుగున మెత్తటి మట్టి ఉంటే ఇది ఇంకా పెరుగుతుంది.

అన్నిసార్లూ ఇది లైటు ఊగడంతో ఆగదు. 1985 సెప్టెంబరు 19న మెక్సికో సిటీలో వేలమంది చనిపోయారు. భూకంప కేంద్రం అక్కడికి 350 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. నగరం చాలాభాగం పాత సరస్సు అడుగున, మెత్తటి మట్టి మీద కట్టింది. 2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో భూమి కంపిస్తే, దాదాపు 1000 కిలోమీటర్ల దూరాన బ్యాంకాక్‌లో నిర్మాణంలో ఉన్న భవనం కుప్పకూలి కార్మికులు శిథిలాల కింద నలిగిపోయారు.

నన్ను ఎక్కువగా బాధించే విషయం ఒకటుంది. భవనాలను ఊపే ఈ తరంగాలు సెకనుకు సుమారు 3, 4 కిలోమీటర్లు నడుస్తాయి. అంటే 1000 కిలోమీటర్లు దాటడానికి నాలుగు నిమిషాలకు పైనే పడుతుంది. ఫోన్ సందేశానికి అంత సమయం అక్కర్లేదు కదండీ. జపాన్ వాతావరణ సంస్థ ఈ నిదానపు ఊగుడును నాలుగు తరగతులుగా కొలుస్తుంది, 2023 ఫిబ్రవరి నుంచి తన అత్యవసర హెచ్చరికల్లోనూ చేర్చింది.

అంత వ్యవస్థ రేపే పెట్టమని అడగను. కనీసం ఊగిన కొద్ది నిమిషాల్లో మాకు ఒక సందేశం పంపండి: ఎక్కడ వచ్చింది, తీవ్రత ఎంత, పై అంతస్తుల్లో ఊగితే లిఫ్టు ఎక్కకుండా, కిటికీలకు దూరంగా, ఏదైనా గట్టిగా పట్టుకుని కూర్చోవాలని. తర్వాత గోడల్లో బీటలు కనిపిస్తే ఎవరికి చెప్పాలో కూడా అందులోనే రాయండి. ఫోన్ ఎత్తే ఉద్యోగులకు, "మీరు ఏ అంతస్తులో ఉన్నారు?" అని ముందుగా అడగడం నేర్పించండి.

ఆ రాత్రి అమ్మ లైటు వంక చూస్తూనే పడుకుంది.

ఇట్లు,
పదకొండో అంతస్తు నుంచి ఒక పౌరురాలు