వేడికి పాడైన బార్బరెస్కో వైన్ గురించి ఫిర్యాదు

మేనేజర్ గారికి,
కస్టమర్ సర్వీస్ విభాగం.

అయ్యా,

మీ కంపెనీ ఇటలీ నుంచి తెప్పించిన 2019 బార్బరెస్కో రెడ్ వైన్ సీసా ఒకటి మే నెలలో హైదరాబాద్‌లో కొన్నాను. అది పూర్తిగా పాడైపోయి ఉంది. మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, "రెడ్ వైన్ వగరుగానే ఉంటుంది సార్, మూత తీశాక వాపసు తీసుకోం" అన్నారు. ఈ జవాబును నేను ఒప్పుకోను.

వగరు సంగతి నాకు తెలుసు. ఉద్యోగం మీద కొన్నేళ్లు ఇటలీలోని టూరిన్‌లో ఉన్నాను. ఈ వైన్ చేసే కుటుంబం అక్కడికి దగ్గర్లోనే, లాంగె కొండల్లో నెయివే అనే ఊళ్లో ఉంటుంది. తండ్రీ కూతురూ తోట పని చేస్తారు, సీసాలకు లేబుళ్లు కూడా వాళ్లే అంటిస్తారు. వాళ్లింట్లోనే ఈ వైన్ తాగాను. దీన్ని చేసే నెబ్బియోలో ద్రాక్ష ఆలస్యంగా పండుతుంది, చాలా సంవత్సరాల్లో అక్టోబర్ దాకా కోతకు రాదు. ఆ పైన బార్బరెస్కో అని అమ్మాలంటే కనీసం 26 నెలలు మాగాలి, అందులో 9 నెలలు చెక్క పీపాల్లో ఉండాలని అక్కడి నిబంధన. రంగు పలచగా, వాసన గులాబీలా, పుల్ల చెర్రీలా ఉంటుంది. నోట్లో పులుపూ వగరూ గట్టిగా తగులుతాయి. నేను డబ్బు పెట్టింది ఆ వగరు కోసమే.

మీ సీసాలో అది లేదు. పైన రేకు తిప్పితే తిరగలేదు, లోపల కారిన వైన్ ఎండి బంకలా అతుక్కుపోయింది. కార్క్ సీసా అంచు కంటే పైకి లేచి ఉంది. బయటికి తీసి చూస్తే అడుగు మాత్రమే కాదు, పక్క పొడవునా ఎర్రటి చార ఉంది. గ్లాసులో పోస్తే గోధుమరంగు, ఉడికిపోయిన ఎండుద్రాక్ష వాసన. వేడికి వైన్ వ్యాకోచించి కార్క్‌ను తోస్తుంది, చల్లబడ్డాక ఆ సందులోంచి గాలిని లోపలికి లాక్కుంటుంది. ఇక ఆ వైన్ బాగుపడదు. ఇది ఓడ కంటైనర్‌లో జరిగిందో, మీ గోడౌన్‌లో జరిగిందో, షాపులో జరిగిందో చెప్పాల్సింది మీరు. షాపులో మాత్రం ఎండ పడే అద్దం పక్కన సీసాలన్నీ నిలబెట్టి ఉన్నాయి. వాటిని 12 నుంచి 15 డిగ్రీల్లో, పడుకోబెట్టి ఉంచాలని మీ డీలర్లకు ఎవరైనా చెప్పారా?

నాకు ఎక్కువ బాధ కలిగించింది డబ్బు కాదు, అదీ తక్కువేం కాదనుకోండి. సీసా తెరిచిన రోజు మా బావగారు ఒక గుక్క తాగి, "ఇటలీ వైన్ అంటే ఇంతేనా?" అన్నారు. ఆయనకు లేబుల్ మీద కనిపించింది ఆ కుటుంబం పేరే. మీ పేరు వెనక స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో ఉంది. తప్పు ఒకరిది, మాట పడేది ఇంకొకరు. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోకి రాదేమో గానీ, ఏటా కొద్ది సీసాలే చేసే ఇంటికి పేరు పోతే చాలా నష్టం. పైగా మీ స్టిక్కర్ వాళ్ల వెనక లేబుల్‌ను సగం కప్పేసింది, లాట్ నంబర్ కోసం గోటితో గీకాల్సి వచ్చింది.

నా డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వండి. అదే లాట్‌లో మిగిలిన సీసాల కార్కులు చూసి, పైకి లేచినవాటిని అమ్మకం నుంచి తీసేయండి. జరిగింది ఆ కుటుంబానికి మీరే తెలియజేయండి, నేను చెప్పడం కంటే అది మర్యాద. కంటైనర్ చల్లగా ఉంచే రకమో కాదో నాకు రాతపూర్వకంగా చెప్పండి.

బిల్లు, ఫొటోలు జత చేశాను. సీసా, కార్క్, సగానికి పైగా మిగిలిన వైన్ మా ఇంట్లోనే ఉన్నాయి, మీ మనిషిని పంపితే చూపిస్తాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
హైదరాబాద్.